పాస్‌పోర్టు లేకుండా క్రూజ్ ఎక్కొచ్చు, కానీ...

అడిగిన సంగతి ఇది. మయామీలో ఎక్కి మళ్లీ మయామీలోనే దిగే ఏడు రోజుల కరీబియన్ క్రూజ్. భార్యాభర్తలిద్దరూ అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు. పాప అమెరికాలో పుట్టింది. బాబు ఇండియాలో పుట్టి, చిన్నప్పుడు గ్రీన్ కార్డు మీద వచ్చాడు. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. ‘అమెరికా పౌరులకు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు’ అని ఓడ కంపెనీ అంటోంది. ఆ మాట నమ్మి వెళ్లిపోవచ్చా?

కంపెనీ చెప్పింది నిజమే. అయినా మీ ఇంట్లో పౌరులైన నలుగురికీ పాస్‌పోర్టు బుక్ (మామూలు పుస్తకం రూపంలోది, కార్డు కాదు) తీసుకోండి. అందులో ఒకరికైతే అది లేకుండా ఓడ ఎక్కడమే కుదరకపోవచ్చు. అది ఎవరన్నది కిందికి వస్తే తెలుస్తుంది.

ముందు నిబంధన. 2009 జూన్ 1 నుంచి అమెరికాకు భూమార్గంలో, సముద్రమార్గంలో తిరిగొచ్చే పౌరులు కూడా పాస్‌పోర్టు లాంటి పత్రం చూపించాలి. విమానాలకు ఈ నియమం 2007 జనవరిలోనే వచ్చేసింది. సముద్రం దగ్గర మాత్రం ఒక సడలింపు ఇచ్చారు. ఓడ అమెరికాలో ఏ రేవులో బయల్దేరిందో అదే రేవుకు తిరిగిరావాలి, మధ్యలో మెక్సికో, కెనడా, బెర్ముడా, కరీబియన్ దీవుల్లాంటి పశ్చిమార్ధగోళపు రేవుల్లోనే ఆగాలి. దీన్నే క్లోజ్డ్ లూప్ క్రూజ్ అంటారు. అలాంటి ప్రయాణంలో పదహారేళ్లు నిండిన పౌరులు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీతోపాటు పౌరసత్వ రుజువు ఒకటి చూపిస్తే చాలు. ఆ రుజువు అమెరికా బర్త్ సర్టిఫికెట్ కావచ్చు, పౌరసత్వం తీసుకున్నప్పుడు ఇచ్చే నేచురలైజేషన్ సర్టిఫికెట్ కావచ్చు. పదహారు లోపు పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోతుంది.

‘అదే రేవు’ అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి. మయామీలో ఎక్కి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగితే, రెండూ పక్కపక్క ఊళ్లే అయినా, అది క్లోజ్డ్ లూప్ కాదు. ఫ్లోరిడాలో ఎక్కి పనామా కాలువ దాటి కాలిఫోర్నియాలో దిగేది కాదు. వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలో దిగేదీ కాదు. రేవుల సొంత నియమాలు వేరే ఉంటాయి. మార్టినీక్, గ్వాడలూప్ దీవులు ఫ్రాన్స్ భూభాగాలు. అమెరికా ఇచ్చిన సడలింపును వాళ్లు పాటించాలని ఏమీ లేదు. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో సాధారణ సమాచారం పేజీ చదివి ఊరుకోకుండా, మీ బుకింగ్ నంబరుతో లాగిన్ అయి, మీ ఓడకు, మీ తేదీకి ఏ పత్రాలు అడుగుతున్నారో చూడండి.

ఇక ఈ సడలింపు ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం. ఓడలో వెళ్లి ఓడలోనే తిరిగొచ్చినంతవరకే బర్త్ సర్టిఫికెట్ పనిచేస్తుంది. ఏ కారణంగానైనా మధ్యలో విమానం ఎక్కాల్సి వస్తే దానికి విలువ లేదు. విదేశం నుంచి అమెరికాకు వచ్చే విమానానికి పాస్‌పోర్టు బుక్ కావాల్సిందే. అలాంటి అవసరం అరుదని చాలామంది అనుకుంటారు. అంత అరుదేమీ కాదు.

అన్నిటికంటే ఎక్కువగా నష్టపరిచేది మొదటి రోజే జరుగుతుంది. మీరు మయామీకి వచ్చే దేశీయ విమానం ఆలస్యమవుతుంది, ఓడ వెళ్లిపోతుంది. పాస్‌పోర్టు బుక్ ఉంటే, కంపెనీ ఒప్పుకున్నాక, ఓడ ఆగే మొదటి విదేశీ రేవుకు విమానంలో వెళ్లి అక్కడ అందుకోవచ్చు. లేకపోతే వారం రోజుల సెలవూ, కట్టిన డబ్బూ అక్కడితో సరి. (ఓడకు ముందురోజే ఊరు చేరుకోమని అందరూ చెప్పేది ఇందుకే. ఆ సలహా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది.)

రెండోది, రేవులో దిగి తిరిగి అందుకోలేకపోవడం. దీనికి కారణం ట్రాఫిక్కే కానక్కర్లేదు, గడియారం కూడా కావచ్చు. కోజుమెల్ రేవు ఉన్న మెక్సికోలోని కింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది. వేసవిలో ఫ్లోరిడా గడియారం దానికంటే గంట ముందుంటుంది. ఓడ ఫ్లోరిడా సమయం మీదే నడుస్తుంటే, మీ ఫోను మాత్రం ఒడ్డు దిగగానే స్థానిక సమయానికి మారిపోతే, ‘ఇంకా గంట ఉంది కదా’ అనుకుంటుండగానే ఓడ లంగరెత్తేస్తుంది. ఒడ్డు దిగేముందు ఫోనులో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఓడ సమయం పెట్టుకోండి.

మూడోది, ఆరోగ్యం. గుండెనొప్పి, అపెండిసైటిస్, పక్షవాతం లాంటివి వస్తే ఓడలోని డాక్టరు దగ్గర్లోని రేవులో దించేస్తారు. రోగితోపాటు ఇంట్లోవాళ్లు ఒకరు దిగాలి. చికిత్స అయ్యాక ఇద్దరూ విమానంలోనే రావాలి. ఓడ వాళ్ల కోసం ఆగదు. పాస్‌పోర్టు లేకపోతే అమెరికా ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో అత్యవసర పాస్‌పోర్టు తీసుకోవాలి. ఇస్తారు, ఆ సాయం ఎప్పుడూ ఉంటుంది. కానీ ఫొటోలు, ఐడీ, పౌరసత్వ రుజువు, ఫీజు అన్నీ అప్పుడు సమకూర్చుకోవాలి. ఎంబసీ మామూలు పనులకు శనాదివారాల్లో తెరిచి ఉండదు. అమెరికా సెలవులకూ, ఆ దేశపు సెలవులకూ కూడా మూసేస్తారు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చేయాల్సిన పని కాదది.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక్కొక్కరి సంగతి.

బాబు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ కుటుంబాలు బోల్తా పడేది ఇక్కడే. పద్దెనిమిదేళ్ల లోపు గ్రీన్ కార్డున్న పిల్లలు, పౌరుడైన తల్లి లేదా తండ్రి చట్టబద్ధమైన సంరక్షణలో అమెరికాలో వాళ్లతోనే ఉంటుంటే, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరసత్వం తీసుకున్న రోజునే వాళ్లూ పౌరులైపోతారు. దరఖాస్తు అక్కర్లేదు. అందుకే చాలామంది ఆ తర్వాత ఏమీ చేయరు. క్రూజ్ సమయానికి బాబు చేతిలో ఏముంటుంది? ఇండియా బర్త్ సర్టిఫికెట్, అది అమెరికా పౌరసత్వానికి రుజువు కాదు. పాత గ్రీన్ కార్డు, అతను ఇప్పుడు గ్రీన్ కార్డుదారుడు కాదు. ఇండియా పాస్‌పోర్టు, వేరే దేశ పౌరసత్వం వచ్చాక దాని మీద ప్రయాణించడం భారత చట్టం ప్రకారం తప్పు. ఓసీఐ కార్డు ఉన్నా అది ఇండియాకు వెళ్లడానికి పనికొచ్చేదే గానీ ఇక్కడ దేనికీ రుజువు కాదు. అంటే బాబుకు పాస్‌పోర్టు తీసుకోవడం ఒక్కటే సూటి దారి. దరఖాస్తుకు బాబు బర్త్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డు, తల్లి లేదా తండ్రి నేచురలైజేషన్ సర్టిఫికెట్ జతచేయాలి. సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ కోసం ఎన్-600 ఫారం వేసే దారీ ఉంది. కానీ అది ఖరీదెక్కువ, నెలల పని. క్రూజ్ కోసం దాన్ని నమ్ముకోకండి.

పాపది తేలిక. అయితే ఆసుపత్రిలో పుట్టినరోజున పాదముద్రలతో ఇచ్చే అందమైన కాగితం బర్త్ సర్టిఫికెట్ కాదు. రాష్ట్రం గానీ, కౌంటీ గానీ, నగరం గానీ జారీచేసిన సర్టిఫైడ్ కాపీ కావాలి. ప్రతి ఏడాదీ కొందరు టెర్మినల్‌లో ఈ ఆసుపత్రి కాగితం పట్టుకుని నిలబడతారు.

మీ ఇద్దరికీ నిబంధన ప్రకారం నేచురలైజేషన్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు సరిపోతాయి. కానీ ఆ సర్టిఫికెట్ అసలు ప్రతి ఓడలోకి తీసుకెళ్లడం నాకు అస్సలు నచ్చదు. తడిసినా పోయినా మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్-565 ఫారం వేయాలి. దాని ఫీజే 500 డాలర్లు దాటుతుంది, చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. 165 డాలర్ల పాస్‌పోర్టు మిగిల్చుకుందామని దానికి మూడింతల విలువైన కాగితాన్ని సముద్రం మీదికి పంపడం ఏం లెక్క? ఇంకో మాట. రియల్ ఐడీ లైసెన్సు పౌరసత్వానికి రుజువు కాదు, పౌరులు కానివాళ్లకూ ఇస్తారు. ఎన్‌హాన్స్‌డ్ డ్రైవింగ్ లైసెన్సు వేరు. దాన్ని మిషిగన్, మినెసోటా, న్యూయార్క్, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇస్తాయి. అది భూమార్గానికీ సముద్రమార్గానికీ పనికొస్తుంది, విదేశీ విమానానికి పనికిరాదు.

పాస్‌పోర్టు కార్డుదీ అదే పరిస్థితి. పెద్దలకు 30 డాలర్లు, కొత్తగా తీసుకునేవాళ్లకు 35 డాలర్ల స్వీకరణ రుసుము అదనం. పర్సులో పడుతుంది, బర్త్ సర్టిఫికెట్ కంటే గట్టిది. కానీ విమానం దగ్గర చెల్లదు. పైన చెప్పిన మూడు చిక్కుల్లో ఒక్కదానికీ అది మందు కాదు కనుక, క్రూజ్ కోసమే కార్డు కొనడం సగం గొడుగు కొన్నట్టు. బుక్‌తోపాటు తీసుకుంటే మాత్రం బాగుంటుంది. బుక్‌ను ఓడ సేఫ్‌లో పెట్టి కార్డుతో ఒడ్డు దిగొచ్చు.

అమ్మానాన్నలకు సడలింపులేవీ లేవు. భారతీయ పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా రెండూ కావాలి. తిరిగొచ్చే రోజుకు కూడా వీసా గడువు మిగిలి ఉండాలి. వీసా మీద ఎంట్రీల దగ్గర ‘ఎం’ అక్షరం ఉందో లేదో చూడండి, అంటే ఎన్నిసార్లయినా రావచ్చు. ఓడ కంపెనీలు పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని అడగడం మామూలే. ఆగే ప్రతి దేశం భారతీయులను వీసా అడుగుతుందేమో విడిగా చూడాలి. మెక్సికోకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే చాలు, వేరే వీసా అక్కర్లేదు. కెనడా అలా కాదు. సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా క్రూజ్‌లు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే తిరిగి ప్రయాణికులను దించకుండా 1886 నాటి చట్టం ఒకటి ఉంది, ఆ ఆగడం దాని పుణ్యమే. ఓడ అక్కడ నాలుగు గంటలే ఆగినా, మీరు ఓడ దిగకపోయినా, అమ్మానాన్నలకు కెనడా విజిటర్ వీసా ఉండాలి. గ్రీన్ కార్డున్న భారతీయులకు ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చూపిస్తే సరి.

క్రూజ్‌కు వెళ్లొస్తే విజిటర్ వీసా వాళ్లకు మళ్లీ ఆరు నెలలు ఇస్తారన్న ప్రచారం ఒకటుంది. దగ్గరి దేశాలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చినవాళ్లను పాత ఐ-94లో (దేశంలోకి వచ్చినప్పుడు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెబుతూ ఇచ్చే రికార్డు) మిగిలిన గడువుకే అనుమతించే అధికారం ఆఫీసరుకు ఉంది. గడువు పెరుగుతుందని నమ్మి ఇండియా టికెట్ మార్చుకోకండి. తిరిగొచ్చాక ఐ-94 వెబ్‌సైట్‌లో తేదీ చూసుకోండి.

మీ ఇంట్లో లేకపోయినా ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగంమంది హెచ్-1బీ వాళ్లే, కాబట్టి అది కూడా. స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసిన వీసా) గడువు అయిపోయి, ఐ-94 మాత్రం చెల్లుబాటులో ఉంటే, 30 రోజుల లోపు ప్రయాణానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. అది కెనడా, మెక్సికోలకే. పక్కనున్న దీవులకు కూడా ఆ వెసులుబాటు ఉన్నది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాలవాళ్లకు మాత్రమే. అంటే గడువు తీరిన హెచ్-1బీ స్టాంపుతో ఓడ ఒక్క బహామాస్‌లో ఆగినా మీరు తిరిగి రాలేరు. కోజుమెల్ ఒక్కటే ఉన్న క్రూజ్ అయితే నిబంధన ఒప్పుకుంటుంది. కానీ టెర్మినల్ కౌంటరులో ఉన్నవాళ్లకు ఆ నిబంధన తెలిసి ఉండాలని లేదు. ఆ నిబంధన ఉన్న 22 సీఎఫ్‌ఆర్ 41.112 ప్రతి, ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం), ఐ-94 ప్రింట్లు చేతిలో పెట్టుకుని, ముందే కంపెనీతో రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలి. తుపాను వచ్చి ఓడ దారి మారిస్తే (జూన్ నుంచి నవంబరు దాకా అది మామూలే) కోజుమెల్ బదులు బహామాస్‌లోని నసావు రావచ్చు. అందుకే స్టాంపు లేనివాళ్లకు నా సలహా క్రూజ్ మానుకోమనే.

ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి, ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్లకైతే ఇంకా ప్రమాదం. హెచ్, ఎల్ హోదా నిలబెట్టుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లు అడ్వాన్స్ పరోల్ (వెళ్లి తిరిగొచ్చేందుకు ముందే తీసుకునే అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కిస్తారు. నాలుగు రోజుల సరదా ప్రయాణం కూడా దేశం దాటడమే.

సరే, పౌరులైన నలుగురికీ పాస్‌పోర్టు తీసుకునే పని. మొదటిసారి తీసుకునేవాళ్లు, పదహారు లోపు పిల్లలు డీఎస్-11 ఫారం నింపి స్వయంగా వెళ్లాలి. పోస్టాఫీసు, కౌంటీ క్లర్కు ఆఫీసు, కొన్ని లైబ్రరీల్లో తీసుకుంటారు. చాలాచోట్ల అపాయింట్‌మెంటు ముందే కావాలి, వేసవి ముందు అది దొరకడానికే రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఫారం మీద ఇంట్లో సంతకం పెట్టకండి, ఆఫీసరు ఎదుటే పెట్టాలి. పౌరసత్వ రుజువు అసలు ప్రతి, దాని ఫొటోకాపీ, ఐడీ, దానికి రెండువైపులా ఫొటోకాపీ, రెండు అంగుళాల చదరపు ఫొటో తీసుకెళ్లండి. ఫొటోలో కళ్లజోడు ఉండకూడదు, వెనక తెల్లగా ఉండాలి. పెద్దలకు 130, పిల్లలకు 100 డాలర్లు విదేశాంగ శాఖ పేరున చెక్కు గానీ మనీ ఆర్డరు గానీ ఇవ్వాలి. 35 డాలర్లు ఆ ఆఫీసుకు విడిగా. ఇవి రెండు వేర్వేరు చెల్లింపులు. ఒక్క చెక్కులో కలిపి రాస్తే తిప్పి పంపుతారు.

పదహారు లోపు పిల్లలతో తల్లి, తండ్రి ఇద్దరూ వెళ్లాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే సమ్మతి ఫారం మీద నోటరీ ముందు సంతకం పెట్టి, ఐడీ కాపీతో పంపాలి. ఆ నోటరీ తేదీ మూడు నెలలకంటే పాతబడకూడదు. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. దాన్ని రెన్యూ చేయరు, మళ్లీ మొదటినుంచి డీఎస్-11 వేయాల్సిందే.

మామూలు దరఖాస్తుకు నాలుగు నుంచి ఆరు వారాలు, 60 డాలర్లు అదనంగా కట్టి ఎక్స్‌పెడైట్ చేస్తే రెండు నుంచి మూడు వారాలు అని చెబుతున్నారు. ఇందులో పోస్టులో గడిచే కాలం కలపలేదు. వెళ్లడానికి రెండు వారాలు, రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. కాబట్టి పది వారాల కంటే ఎక్కువ చేతిలో ఉంటే మామూలుది, తక్కువుంటే ఎక్స్‌పెడైట్. పద్నాలుగు రోజుల లోపు పడిపోతే పాస్‌పోర్ట్ ఏజెన్సీలో అపాయింట్‌మెంటు కోసం 1-877-487-2778 నంబరుకు ఫోను చేయాలి. ఆ అపాయింట్‌మెంటు ఉచితం. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్లు మోసగాళ్లు.

ఇక్కడే ఒక పెద్ద గుంట ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. డీఎస్-11తో మీ నేచురలైజేషన్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ అసలు ప్రతులే పోస్టులో వెళ్లిపోతాయి. అవి పాస్‌పోర్టుతో కలిసి రావు, వేరే కవరులో తర్వాత వస్తాయి. క్రూజ్‌కు మూడు వారాల ముందు మామూలు దరఖాస్తు పెట్టుకుంటే, ఓడ బయల్దేరే రోజుకు మీ చేతిలో పాస్‌పోర్టూ ఉండదు, దాని బదులు చూపించాల్సిన సర్టిఫికెట్టూ ఉండదు. పాపకు రెండో సర్టిఫైడ్ కాపీ తెప్పించుకున్నాకే దరఖాస్తు పెట్టండి. నేచురలైజేషన్ సర్టిఫికెట్‌కు రెండో కాపీ ఉండదు కాబట్టి, సమయం తక్కువగా ఉంటే నేరుగా ఏజెన్సీకే వెళ్లాలి.

పాత పాస్‌పోర్టు ఉన్న పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునే వీలు 2024లో వచ్చింది. దరఖాస్తు పంపగానే పాత పాస్‌పోర్టు రద్దయిపోతుంది, ఇంట్లో భద్రంగా ఉన్నా దానితో ప్రయాణం చేయలేరు. అక్కడ ఎక్స్‌పెడైట్ కూడా లేదు. క్రూజ్ దగ్గరపడ్డాక ఆ దారి వద్దు.

పేర్ల దగ్గర ఒక్కసారి చూసుకోండి. ఇంటిపేరు ముందో వెనకో, ఇనీషియలో పూర్తి పేరో అనే తేడా మనవాళ్లలో ఎక్కువ. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయ్యాక పేరు మారిన ఆడవాళ్లు సర్టిఫికెట్‌తో వెళ్తుంటే మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా తీసుకెళ్లాలి. తప్పుంటే బయల్దేరే రోజు కాదు, ఇప్పుడే కంపెనీకి ఫోను చేసి మార్పించండి. పత్రాలు లేక ఓడ ఎక్కనివ్వకపోతే కంపెనీ డబ్బు వాపసు ఇవ్వదు, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు కూడా ఆ కారణాన్ని ఒప్పుకోవు.

బయల్దేరే రోజు పాస్‌పోర్టులన్నీ చేతి సంచీలో ఉండాలి. టెర్మినల్ బయట కూలీకి ఇచ్చిన సూట్‌కేసు సాయంత్రానికిగానీ గదికి రాదు. అందులో పాస్‌పోర్టులు పెట్టేసి కౌంటరు దగ్గర తెల్లమొహం వేసేవాళ్లు ప్రతి ఓడకూ ఉంటారు. రేవులో దిగేటప్పుడు బుక్‌లు గదిలోని సేఫ్‌లో ఉంచి, ఫొటోపేజీ కాపీ, ఐడీ తీసుకెళ్తే సరిపోతుంది, ఆ రేవు అసలుదే అడిగితే తప్ప. సేఫ్ కోడ్ ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ఓడ అందుకోలేకపోతే, సిబ్బంది సేఫ్ తెరిచి పాస్‌పోర్టులు రేవులోని కంపెనీ ఏజెంటుకు అప్పగించి వెళ్లే పద్ధతి చాలా ఓడల్లో ఉంది. ఆ ఏజెంటు పేరు, ఫోను నంబరు ఆ రోజు కార్యక్రమాల కాగితం మీదో, ఓడ యాప్‌లోనో ఉంటాయి. మెట్లు దిగేముందు ఫోనుతో దాన్ని ఫొటో తీసుకోండి.